తోక చేరాక

మలుపు తిరగ్గానే లోర్నాకి కనబడేది ఎప్పుడూ ఒకటే. రోడ్డు పక్క గడ్డిలో కూర్చున్నవాళ్ళు ఒక్కొక్కరే లేస్తుంటారు. ఒకరు హెల్మెట్ పట్టీ బిగించుకుంటారు. ఒకరు అరటితొక్క తీసుకెళ్ళి క్లైవ్ పట్టుకున్న సంచిలో పడేస్తారు. ఒకరు నడుం మీద చేతులు పెట్టుకుని వెనక్కి విరుచుకుంటారు. హోథమ్ కొండ మీద ఆ రోజూ అంతే జరిగింది.

మావిస్ ప్రౌట్ లోర్నాకి ఒక సైకిలు పొడవంత ముందు తొక్కుతోంది. పొట్టి మనిషి. పొట్టిగా కత్తిరించిన తెల్లజుట్టు, దాని కింద ఎండకి కందిన మెడ. హేరియట్‌విల్ ఊరు దాటి కొండెక్కడం మొదలైనప్పట్నుంచీ లోర్నా ఆ మెడనే చూస్తోంది. కాలు కిందికి తొక్కిన ప్రతిసారీ ఆ మెడ కొంచెం కుడిపక్కకి వాలుతుంది. వాలడం ఎక్కువైతే మనిషి అలిసిపోతోందని అర్థం. ఇప్పుడు బాగా వాలుతోంది.

వెనక ఉండడమే లోర్నా పని. డర్మట్ ముందుండి దారి చూపిస్తాడు. మధ్యలో ఈ సైకిలు టూరుకొచ్చినవాళ్ళు, ఈసారి ముగ్గురే, ఎవరి కాలి బలం కొద్దీ వాళ్ళు. అందరి వెనకా లోర్నా. ఆమె వెనక ఇంక సైకిలు ఉండకూడదు. అందుకే ఆమెని తోక అంటారు. తిండీ సామాన్లూ మోసే వ్యాను క్లైవ్ తోలుతాడు. అదొక్కటే ఆమెని దాటి ముందుకీ వెనక్కీ తిరుగుతుంది.

ఎక్కడ ఆగినా సరే, తోక వచ్చి చెయ్యెత్తి "తోక చేరింది" అనేదాకా ఒక్క చక్రం కదలకూడదు. ఈ నియమం పెట్టింది డర్మట్. కొన్నేళ్ళ కిందట ఈ కొండల నెత్తినున్న మైదానం మీద పొగమంచులో ఒక మనిషిని వదిలేసి వచ్చేశారు. ఆ మనిషి దొరికాడు. కాని దొరికేలోపు డర్మట్ ఆ తెల్లటి గాలిలో పేరు పెట్టి అరుస్తూ తిరిగాడు. అప్పట్నుంచి ఆ మాట వినకుండా అతను పెడల్ తొక్కడు.

లోర్నా ఎడమచెయ్యి పైకెత్తింది.

"తోక చేరింది."

ఆమె సైకిలింకా ఆగనేలేదు. కాస్త ముందే చెప్పేస్తే జనం కదలడానికి ఆలస్యం ఉండదని ఆమెకి అదో అలవాటు.

డర్మట్ ఈల వేశాడు. ఒకప్పుడు పందేల్లో తొక్కినవాడు. ఆగినప్పుడు కూడా అతని కాలొకటి పెడల్ మీదే ఉంటుంది. "పదండి, పదండి. కాళ్ళు చల్లబడితే మళ్ళీ కష్టం."

మావిస్ ఒక కాలు నేల మీద పెట్టింది. రెండోది దించేలోపు క్లైవ్ ఆమె చేతిలో సగం అరటిపండు పెట్టాడు.

"మావిస్, నీకోసమే కూర్చున్నాం ఇంతసేపూ," అన్నాడు స్టావ్రోస్. మెల్‌బోర్న్‌లో మేకులూ తాళాలూ అమ్మే కొట్టు అతనిది. భారీ మనిషి, నోరు ఊరుకోదు. "కూర్చుని కూర్చుని తిమ్మిరెక్కింది."

"చూశాను. నేనొచ్చేసరికి అందరూ లేచి నిలబడుతున్నారు, చర్చిలోకి పెళ్ళికూతురు వస్తే లేచినట్టు. నా పెళ్ళికి కూడా ఇంత మర్యాద జరగలేదు."

స్టావ్రోస్ పగలబడి నవ్వాడు. నవ్వుతూనే సైకిలెక్కాడు. అందరూ వెళ్ళిపోయారు. క్లైవ్ కప్పుల పెట్టె వ్యానులో పెట్టి ధడాలున తలుపు లాగాడు.

"తిను. నేనుంటాను," అంది లోర్నా.

"వద్దు. ఇప్పటికే వెనకబడ్డాను." మావిస్ పండు కొరికి, మిగిలింది చొక్కా వెనక జేబులో కుక్కుకుంది. మళ్ళీ తొక్కడం మొదలుపెట్టింది.

ఎన్నడో కార్చిచ్చులో కాలిన చెట్లు కొండ పొడుగునా తెల్లటి ఎముకల్లా నిలబడి ఉన్నాయి. వాటి మొదళ్ళలోంచి కొత్త చిగురు గుబురుగా వచ్చింది. ఈగలు ముఖం చుట్టూ ముసురుతున్నాయి. తోలుకోవడానికి చెయ్యి తీస్తే సైకిలు వంకరపోతుంది, అందుకని ఇద్దరూ వాటినలాగే వదిలేశారు.

"లోర్నా, నువ్వు మాట్లాడవేం?"

"నీ ఊపిరి మాటలకి ఖర్చవుతుందని."

"నువ్వు మాట్లాడు, నేను వింటా. వినడానికి ఊపిరెందుకు?"

"ఏం మాట్లాడను?"

"ఎందుకొచ్చావని అడుగు. అందరూ అడుగుతున్నారు."

"ఎందుకొచ్చావు?"

మావిస్ ఒక మలుపు దాటేదాకా తొక్కింది. ఎక్కుడు కాస్త తగ్గాక చెప్పింది, ముక్కలు ముక్కలుగా. "బడి బస్సు తోలాను. కింద లోయలో. జీవితమంతా. రోజూ ఈ కొండలు చూశాను. అద్దంలోంచి. ముందద్దం, పక్కద్దం. వానొస్తే అద్దం తుడిచే పుల్లల సందులోంచి." ఆగింది. "ఒక్కసారి మధ్యలో అద్దం లేకుండా దాటాలి. ఇటునుంచి అటు. బండెక్కకుండా."

"అంతేనా?"

"అంతే. తక్కువా?"

లోర్నా తక్కువనలేదు. ఆ మెడ ఎంత వాలుతోందో చూస్తూ తొక్కింది.

వాళ్ళిద్దరూ బస చేరేసరికి మిగతావాళ్ళు స్నానాలు చేసి, తడిజుట్టుతో అరుగు మీద బీరు తాగుతున్నారు. డర్మట్ మావిస్ భుజం తట్టి, "చేరావన్నమాట. గట్టిదానివే," అన్నాడు. ఆ మాటలో కల్లలేదు. మావిస్ సైకిలు గోడకానించి, మెట్టు మీద చెయ్యి మోపి, రెండు కాళ్ళూ ఒక మెట్టు మీదే కలుపుకుంటూ పైకెళ్ళింది. లోర్నా పెరట్లో సైకిళ్ళన్నీ వరసగా తిరగేసి నిలబెట్టి, నూనెగుడ్డతో గొలుసులు తుడవడం మొదలుపెట్టింది.

*

రెండోరోజు దారి ఓమియో ఊరి మీదుగా కిందికి దిగి, ఏటి పక్కనున్న ఒంటరి సత్రం దాకా పోతుంది. దిగుడే అని పేరుకి అంటారు గాని, మధ్యమధ్య మిట్టలున్నాయి. ఒక్కొక్కటీ చిన్నదే. అన్నీ కలిస్తే పెద్దవే. మావిస్ దిగుడులో బాగా తొక్కింది, బ్రేకు ఎక్కడ పట్టాలో ఎక్కడ వదలాలో తెలిసినదానిలా. మిట్ట రాగానే వెనకబడింది.

గడ్డి ఎండి పసుపుపచ్చగా ఉంది. కంచెల అవతల నల్లటి ఎడ్లు తలలెత్తి చూశాయి. ఒక మిట్ట నెత్తిన వ్యాను కనబడింది. దాని పక్కన గడ్డిలోంచి జనం లేవడం కనబడింది. టెగన్ అనే కుర్రపిల్ల, అందరికంటే వడిగా తొక్కే నర్సు, అప్పటికే సైకిలు మీద ఎక్కి ఉంది.

లోర్నా చెయ్యెత్తింది. "తోక చేరింది."

ఈల వినబడింది. క్లైవ్ కప్పులు పెట్టెలో సర్దుతున్నాడు. చేతిలో ఫ్లాస్కు ఊపి చూశాడు. "అడుగున కొంచెం టీ ఉంది. తాగుతావా? నీకు పాలు పొయ్యాలా వద్దా?"

"రెండు వేసవుల నుంచి నాతో పనిచేస్తున్నావు, తెలీదా?"

"ఎలా తెలుస్తుంది? నీకెప్పుడు పోశాను?"

ఎత్తిపొడవడానికి అన్న మాట కాదది. పక్క కప్పు తీసి తుడుస్తూ అన్నాడు. లోర్నా ఏదో అనబోయింది. అప్పటికే మావిస్ నీళ్ళసీసా మూతి నోటికి తగిలించీ తగిలించకుండానే కదిలిపోయింది. తోక ఆమె వెనకుండాలి. లోర్నా కదిలింది. క్లైవ్ ఫ్లాస్కు పెట్టెలో పెట్టేశాడు.

ఆ తర్వాత దారంతా లోర్నా మావిస్ మెడ చూడలేదు. నేల చూసింది. పొద్దున్న మొదటిసారి ఆగినప్పుడు ముందువాళ్ళు కాస్త కూర్చున్నారు, మావిస్ కూర్చోలేదు. అందువల్ల రెండోసారి ఆగేసరికి మావిస్ ఇంకొంచెం వెనకబడింది. ఆమె వెనకబడిన కొద్దీ వాళ్ళకి కూర్చోవడానికి ఇంకొంచెం ఎక్కువ దొరికింది. ఆమెకి మళ్ళీ ఏమీ దొరకలేదు. మూడోసారీ అదే. ఆమె నెమ్మదిగా తొక్కే మాట నిజమే. కాని రోజు గడిచిన కొద్దీ ఇంతలా వెనకబడడం కాళ్ళ వల్ల కాదు. వాళ్ళు మూడు చోట్ల సేదతీరి తొక్కిన దారిని ఆమె ఒకే ఊపున తొక్కుతోంది.

ప్రతిచోటా ఆ కూర్చోవడాన్ని ముగిస్తున్నది ఎవరు? డర్మట్ కాదు. జనం అతని ఈల కోసం చూస్తారు, ఆ ఈల లోర్నా చేతి కోసం చూస్తుంది. లోర్నా హ్యాండిల్ మీదున్న తన ఎడమచేతిని చూసుకుంది. తొడుగు లేని వేళ్ళు నల్లగా నూనెమరకలతో ఉన్నాయి.

సత్రంలో అన్నాలయ్యాక డర్మట్ ఆమెని వెతుక్కుంటూ కొట్టంలోకి వచ్చాడు. ఇంకా వెలుతురుంది. ఏరు రాళ్ళ మీంచి పారుతున్న చప్పుడు వినబడుతోంది. అతను కూడా ఒక గుడ్డ తీసుకుని ఆమె పక్కన కూర్చుని గొలుసు తుడవసాగాడు. చెడ్డ మాట చెప్పాల్సినప్పుడే అతను ఇలా సాయానికి వస్తాడు.

"రేపు మావిస్‌ని వ్యానులో పైకి పంపిద్దాం," అన్నాడు.

"అడిగావా ఆవిణ్ణి?"

"నువ్వు చెప్పు. నువ్వంటే ఇష్టం ఆవిడకి."

"ఏమని చెప్పను?"

"ఉన్నదే చెప్పు. నిన్నటికంటే ఇవాళ డీలాపడింది. రేపు ఎక్కేది హోథమ్ కంటే నిటారు. పైగా మధ్యాహ్నం నుంచి వాన అంటున్నారు. ఆ మైదానం మీద తలదాచుకోవడానికి చెట్టు కూడా లేదు. అరవై దాటిన మనిషిని అక్కడ చలిలో పెట్టి, మిగతా జనాన్ని ఎక్కడ నిలబెట్టను? ఆ మైదానం చివర సరస్సు కనబడిందంటే కొండ దాటినట్టే, అక్కడ్నుంచి అంతా దిగుడు. సరస్సు దగ్గర దించేద్దాం. దిగుడంతా తొక్కుతుంది. పోయిందేముంది?"

"డర్మట్, ఆవిడ ఎప్పుడైనా కూర్చోవడం చూశావా?"

"కూర్చుంటే ఇంకెప్పుడు చేరుతుంది?"

లోర్నా అతని ముఖంలోకి చూసింది. ఎగతాళి ఏమీ లేదు. అతను నిజంగానే అడిగాడు. గొలుసు లంకెలు ఒక్కొక్కటీ గుడ్డలోంచి జాగ్రత్తగా లాగుతున్నాడు, అద్దం తుడిచినంత శ్రద్ధగా.

"రేపు కొండ కిందికి చేరేలోపు చెప్పేస్తావుగా?"

"చూస్తాను," అంది.

*

పొద్దున్న ఏటి మీద మంచు పట్టి ఉంది. మావిస్ సత్రం మెట్ల మీద కూర్చుని బూట్లు తొడుక్కుంటోంది. వేళ్ళు ఉబ్బి తాడు ముడి పడడం లేదు. లోర్నా దగ్గరికొచ్చి నిలబడింది.

"ఏదో చెప్పడానికొచ్చావు," అంది మావిస్ తలెత్తకుండా. "పిల్లలు బస్సులో వాంతి చేసుకున్నాక ఇలాగే వచ్చి నిలబడేవాళ్ళు నా పక్కన."

లోర్నా నోరు తెరిచింది. మావిస్ మోకాలి మీద చిన్న నీలం మచ్చ, ఎక్కడో పెడల్ తగిలింది కాబోలు. దాని మీద ఏదో మందు రాసుకుని, పైన మేజోడు లాక్కుని కప్పేసింది.

"నీ వెనక టైర్లో గాలి తక్కువుంది," అంది లోర్నా. వెళ్ళి పంపు తెచ్చి గాలి కొట్టింది. టైరు ముందే గట్టిగా ఉంది. ఇంకొంచెం గట్టిపడింది.

ఏటి పక్కన రోడ్డు కొంతసేపు నీడలో సాగింది. తర్వాత ఎడమవైపు చీలి, ఒక్కసారిగా గోడలా పైకి లేచింది. ఆ చీలిక దగ్గరే ఆగడం. వాళ్ళిద్దరూ చేరేసరికి అందరూ లేచి ఉన్నారు. టెగన్ చేతులు రుద్దుకుంటోంది. కొండ నెత్తిన మబ్బు కూర్చుని ఉంది.

వ్యాను తలుపు బార్లా తీసి ఉంది. సామాన్లన్నీ వెనక్కి నెట్టి ఒక సీటు ఖాళీ చేశారు. సీటు మీద మడతపెట్టిన దుప్పటి ఉంది.

మావిస్ ఒక కాలు నేల మీద పెట్టి ఆ సీటు చూసింది. "ఇది ఎవరికి?"

క్లైవ్ కప్పులు తీసుకుని వ్యాను వెనక్కి వెళ్ళిపోయాడు. స్టావ్రోస్ లాంటివాడు కూడా తన సైకిలు గంట వైపు చూస్తూ నిలబడ్డాడు. డర్మట్ లోర్నా వైపు చూశాడు. చెప్పలేదా అన్న చూపు. మావిస్ ఆ చూపూ చూసింది, లోర్నా ముఖమూ చూసింది.

"ఓహో," అంది. హెల్మెట్ పట్టీ విప్పడానికి చెయ్యి గడ్డం కిందికి పోనిచ్చింది. ఉబ్బిన వేళ్ళకి ఆ మీట దొరకలేదు.

లోర్నా సైకిలు కంచెకానించింది. వెళ్ళి గడ్డిలో కూర్చుంది.

"లోర్నా," అన్నాడు డర్మట్. "చెయ్యెత్తు. పోదాం."

"తోక ఇంకా చేరలేదు."

"ఎదురుగా కూర్చుని చేరలేదంటావేం?"

"నా సైకిలు చేరింది. నేనిప్పుడే వచ్చాను. మావిస్ ఇప్పుడే వచ్చింది. మేం కూర్చుని, తిని, లేచాక చేరినట్టు."

స్టావ్రోస్‌కి నవ్వొచ్చింది. "బాగానే ఉంది బేరం."

"జోకులొద్దు," అన్నాడు డర్మట్. "లోర్నా, పైన మబ్బు చూడు."

"చూశాను. నిన్నా మొన్నా చక్రం ఆగకముందే చెయ్యెత్తాను. మీరందరూ ఎక్కడికక్కడ కూర్చుని లేచారు. ఆవిడ ఇంతవరకూ ఒక్కచోట కూడా కూర్చోలేదు. హోథమ్ మొత్తం నిలబడి తిన్న సగం అరటిపండు మీద ఎక్కింది. మీలో ఎవరైనా అలా తొక్కి చూడండి. ఆ తర్వాత ఎవరు వ్యానెక్కాలో మాట్లాడుకుందాం."

ఆమె గొంతు పెంచలేదు. బూటు తాడు విప్పుకుంటూ చెప్పింది.

టెగన్ సైకిలు దిగింది. "నేనలా తొక్కలేను," అంది మామూలుగా. వచ్చి లోర్నా పక్కన కూర్చుంది. "నిజం చెప్పనా, నాకు మోకాలు నొప్పిగా ఉంది. చెప్తే ఏమనుకుంటారో అని."

"నర్సువి, నువ్వే దాచిపెడితే ఎలా?" అంటూ స్టావ్రోస్ కూడా చతికిలబడ్డాడు.

డర్మట్ ఒక్కడే మిగిలాడు, ఒక కాలు పెడల్ మీద, ఒక కాలు నేల మీద. ఈల దారానికి వేలాడుతోంది. "నేను వెళ్ళిపోతే?"

"వెళ్ళు," అంది లోర్నా. "నేను చెయ్యెత్తకుండా వెళ్ళగలిగితే వెళ్ళు."

అతను మైదానం వైపు చూశాడు. పైన మబ్బు తప్ప ఏమీ కనబడదు. చాలాసేపటికి పెడల్ మీంచి కాలు తీసి నేల మీద పెట్టాడు. అతని రెండు కాళ్ళూ దారి మధ్యలో నేల మీద ఉండడం లోర్నా చూడడం అదే మొదటిసారి.

"వాన మొదలయ్యేసరికి ఆవిడ కొండ మీదుంటే వ్యానే," అన్నాడు. "అప్పుడు నువ్వు కూర్చున్నా పడుకున్నా వినను."

"సరే."

క్లైవ్ లోర్నాకి టీ కప్పు తెచ్చాడు. "పాలు?"

"వద్దు. చక్కెర ఎక్కువ."

మావిస్ ఇంకా సైకిలు పట్టుకునే నిలబడి ఉంది. క్లైవ్ ఆమె చేతిలోంచి సైకిలు మెల్లగా తీసుకున్నాడు. ఆమె వచ్చి, కాళ్ళు బార్లా చాపి కూర్చుంది. ఎండుద్రాక్ష కేకు ముక్క తింది. ఇంకోటి తింది. టీ తాగింది. ఎవరికీ కృతజ్ఞతలు చెప్పలేదు.

"మీరు కూర్చుంటున్నారని అసూయగా ఉండేది," అంది చివరికి. "గడ్డి ఇంత తడిగా ఉంటుందనుకోలేదు."

మొదట లేచింది కూడా ఆమే. "నేను పోతుంటా. మీరు తీరిగ్గా రండి. ఎలాగూ దాటేస్తారు."

ఆమె హెల్మెట్ సర్దుకుని, సైకిలెక్కి, కాలు నిలదొక్కుకున్నాక, లోర్నా చెయ్యెత్తింది.

*

ఇప్పుడు లోర్నా ముందున్నది స్టావ్రోస్. వీపు వెడల్పుగా తలుపులా ఉంది. దాని అవతల ఏముందో కనబడదు. రెండు రోజులుగా చూసిన ఆ కందిన మెడ కనబడకపోయేసరికి ఆమెకి తోచలేదు. ఆ మెడ ఎటు వాలుతోందో ఎవరు చూస్తారు?

రోడ్డు నిజంగా నిటారు. స్టావ్రోస్ ఈ అంచు నుంచి ఆ అంచుకి పాములా తొక్కుతున్నాడు. చివరి గేరు కూడా అయిపోయాక మాటలు తగ్గాయి. చెమట ముక్కు మీంచి హ్యాండిల్ మీదికి కారుతోంది.

"ఆ మూడో ముక్క కేకు తినకుండా ఉండాల్సింది," అన్నాడు.

"నాలుగో ముక్క."

"తోకకి లెక్కలెందుకు?"

ఒక మలుపులో దిగి సైకిలు మీద వాలిపోయాడు. లోర్నా కూడా దిగింది. అతను ఆగినంతసేపూ ఆగింది. ఇందాక వాళ్ళని దాటి పైకెళ్ళి దిగిన వ్యాను, వెనక మళ్ళీ మొరాయిస్తూ ఎక్కుతున్న చప్పుడు వినబడింది. క్లైవ్ పక్కన ఆపి కిటికీ దించాడు.

"పైకెళ్ళి చూసొచ్చావా?" అంది లోర్నా. "మావిస్ ఎక్కడుంది?"

"నిటారు అంతా అయిపోయింది ఆవిడకి. డర్మట్ దాటాడు, ఆ పిల్ల దాటింది. ఈవిడ మాత్రం ఎక్కడా ఆగలేదు. పాడుకుంటూ తొక్కుతోంది."

"ఏం పాట?"

"బస్సులో పిల్లలు పాడే పాటలా ఉంది. నేను దగ్గరికెళ్ళేసరికి నోరు మూసేసింది." క్లైవ్ స్టావ్రోస్ వైపు తిరిగాడు. "దుప్పటి వేసిన సీటుంది. ఎక్కుతావా?"

స్టావ్రోస్ తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. సీటు వైపు చూశాడు, నిజంగా ఆశపడే చూశాడు. "ఆవిడ ఎక్కిందా?"

"లేదు."

"మరి నేనెలా ఎక్కుతాను? జన్మంతా గుర్తుచేస్తుంది." అని సైకిలెక్కాడు.

వ్యాను వాళ్ళని దాటి వెళ్ళిపోయింది. అది మలుపు తిరిగిన కాసేపటికి మొదటి చినుకు లోర్నా ముంజేతి మీద పడింది. రెండోది రోడ్డు మీద. ఆ తర్వాత ఇంక వేరువేరుగా తెలియలేదు. చల్లటి వాన, గాలిలో ఏటవాలుగా వచ్చి చెవుల్లో కొట్టింది. రోడ్డు నల్లబడింది. వాన మొదలయ్యేసరికి కొండ మీదుంటే వ్యానే అన్నాడు. సరే అంది తను. ఆ మాటకి అడ్డం చెప్పడానికి ఇంకేమీ లేదు.

చెట్లు పొట్టివయ్యాయి. వంకరలు తిరిగిన తెల్లటి మానులు, వాన తడికి వాటి మీద ఎర్రటి చారలు తేలాయి. తర్వాత చెట్లే లేవు. స్టావ్రోస్ వీపు ఆఖరి మలుపు తిరిగింది. లోర్నా తిరిగింది.

వ్యాను ఆగి ఉంది. తలుపు తీసి ఉంది.

లోర్నాకి తొక్కడం ఆపాలనిపించింది. ఆపలేదు. వ్యాను దగ్గర పడ్డాక తలుపులోంచి లోపలికి చూసింది. దుప్పటి సీటు మీద తడి చొక్కాలూ కోట్ల సంచీ ఉన్నాయి. మనిషెవరూ లేరు.

మావిస్ వ్యానుకి అవతల, గాలి తగలని పక్క, మోకాళ్ళ దాకా వచ్చే పసుపు వానకోటులో నిలబడి ఉంది. రెండు చేతులూ ముందుకి చాపి ఉంచింది. డర్మట్ ఆ చేతులకి తన ఉన్ని తొడుగులు వేస్తున్నాడు. ఒక్కొక్క వేలూ పట్టుకుని, దాని గూట్లోకి సర్ది, మణికట్టు దాకా లాగుతున్నాడు. అతని చేతులు ఎర్రగా కమిలి ఉన్నాయి.

"వానొచ్చేసరికి నేనిక్కడున్నాను," అంది మావిస్ లోర్నాని చూడగానే. "కొండ అయిపోయింది కదా, ఇంకెక్కడ ఎక్కిస్తావని అడిగాను. కొండ అయిపోయినట్టేనా అని వెనక్కి తిరిగి చూశాడు, తను ఎక్కి రానట్టు."

"నేనేమీ అనలేదు," అన్నాడు డర్మట్.

"అనకపోవడమే చూడాలి. ముఖం నీళ్ళలో పడ్డ ఈత రానివాడిలా పెట్టావు."

డర్మట్ రెండో తొడుగు కూడా వేసి, ఆమె చేతుల్ని తన అరచేతుల మధ్య పెట్టి గట్టిగా రుద్ది వదిలాడు. లోర్నా వైపు తిరిగాడు. "బయట కూర్చోవడానికి చోటు లేదు గాని, వ్యానులో కాసేపు ఉండండి. స్టావ్రోస్, కాళ్ళు చాపుకో. తొందరేం లేదు."

"నిజంగా?" అన్నాడు స్టావ్రోస్.

"చెప్పానుగా."

మావిస్, టెగన్, డర్మట్ వానలో వ్యానుకి ఆనుకుని నిలబడ్డారు, లోపల స్టావ్రోస్ మూలుగుతూ మేజోళ్ళు పిండుకునేదాకా. ఎవరూ గడియారం చూడలేదు. టెగన్ మావిస్‌ని ఆ పాట ఏంటని అడిగింది. మావిస్ చెప్పనంది. టెగన్ వదల్లేదు. చెప్పింది. ఇద్దరూ కలిసి పాడారు, చలికి పళ్ళు టకటకలాడుతుంటే.

తర్వాత సరస్సు దాకా మైదానం. ఎక్కుడు లేదు గాని ఎదురుగాలి ఉంది. "అందరం కలిసి తొక్కుదాం," అన్నాడు డర్మట్. "ఒకరి చక్రం వెనక ఒకరి చక్రం. ముందుండి గాలి నేను కాస్తాను. మావిస్, నువ్వు నా వెనక."

అలా వరస కట్టారు. లోర్నా చివర. ఆమె ముందు స్టావ్రోస్, అతని ముందు టెగన్, చెయ్యి చాపితే అందేంత దగ్గరగా. ఎప్పుడూ ఆమెకీ ముందువాళ్ళకీ మధ్య ఒక కొండో, ఒక లోయో, అలిసిపోయిన ఒక మనిషో ఉండేది. ఇన్నాళ్ళకి వాళ్ళ కబుర్లు ఆమెకి వినబడ్డాయి. స్టావ్రోస్ తన కొట్లో ఎలుకల సంగతి చెప్తున్నాడు. డర్మట్ నవ్వుతున్నాడు. అతను అలా పెద్దగా నవ్వుతాడని లోర్నాకి తెలీదు.

వరసలో తొక్కేటప్పుడు ముందున్నవాడికే రోడ్డు కనబడుతుంది. అతను చూసింది ఒక మాటలో వెనక్కి చెప్తాడు, అది నోటినుంచి నోటికి చివరిదాకా రావాలి.

"గుంట," అన్నాడు డర్మట్.

"గుంట," అంది మావిస్. "గుంట," అంది టెగన్. "గుంట," అన్నాడు స్టావ్రోస్. లోర్నా తప్పుకుంది.

కాసేపయ్యాక మావిస్ గొంతు వినబడింది. "డర్మట్, పక్కకి రా. ఇప్పుడు నేను కాస్తాను."

"గాలి గట్టిగా ఉంది."

"తెలుసు. నీ వీపు చూసి చూసి విసుగొచ్చింది. వీపు కూడా అద్దం లాంటిదే."

డర్మట్ కొంచెం కుడికి జరిగాడు. పసుపు వానకోటు ముందుకి వచ్చింది. గాలికి తెరచాపలా ఉబ్బింది. వరస మొత్తం ఒక్కసారిగా నెమ్మదించింది, ఆమె కాలు ఎంత తొక్కితే అంత. టెగన్ బ్రేకు మీద వేలు పెట్టింది. స్టావ్రోస్ హమ్మయ్య అన్నాడు. ఎవరూ దాటలేదు. డర్మట్ వచ్చి ఆమె వెనక చేరాడు, ముందు చక్రం ఆమె వెనక చక్రానికి ఆనేంత దగ్గరగా.

రెండు పక్కలా తడిసిన గడ్డి గాలికి ఒకే వైపు దువ్వినట్టు పడుకుని ఉంది. రోడ్డు మెల్లగా ఒక దిబ్బ మీదికి లేచింది. పసుపు కోటు ముందు దాని నెత్తికి చేరింది. అక్కడ మావిస్ తొక్కడం ఆపేసింది. సైకిలు దానంతటదే కొంచెం దూరం పోయింది. ఆమె వీపు నిటారుగా అయింది. మెడ ఎటూ వాలలేదు.

ఆ తర్వాత మాట వెనక్కి వచ్చింది.

"నీళ్ళు."

"నీళ్ళు," అన్నాడు డర్మట్. "నీళ్ళు," అంది టెగన్. "నీళ్ళు," అన్నాడు స్టావ్రోస్.

దిబ్బ అడ్డంగా ఉండి లోర్నాకి సరస్సు ఇంకా కనబడలేదు. ఆమె వెనక్కి తిరిగి చూసింది. వచ్చిన రోడ్డంతా ఖాళీగా, తడిగా, మబ్బు వెలుగులో మెరుస్తూ ఉంది. చెప్పడానికి వెనక ఎవరూ లేరు.

అయినా చెప్పింది, గట్టిగానే.

"నీళ్ళు."